చెక్కబాతు కొన్న ధర

ఫిబ్రవరి రెండో వారంలో ఆర్లీన్ బ్రాడ్‌షా తన పన్ను కాగితాలన్నీ ఒక ఖాళీ రొట్టెల సంచీలో వేసుకుని జోనెల్ ఇంటికి వెళ్ళింది. సముద్రపు పాయ ఒడ్డున ఉన్న చిన్న ఊరు క్రిస్‌ఫీల్డ్‌లో సగం మంది పన్ను లెక్కలు జోనెల్ ముందుగదిలోనే తేలతాయి. ముప్ఫై ఏళ్ళు బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. ఆర్లీన్‌తో ఒకటో తరగతి నుంచీ ఒకే బెంచీ. ఏటా ఆర్లీన్ పని పావుగంటలో అయిపోయేది. పీతల షెడ్డులో నలభై ఏళ్ళు పీతలు వలిచినందుకు ఇప్పుడు నెలనెలా వచ్చే ప్రభుత్వ పింఛను తప్ప ఆవిడకి మరో రాబడి లేదు. ఆ పావుగంటా పోను మిగిలిన మధ్యాహ్నమంతా ఇద్దరూ కేకు తింటూ ఊళ్ళోవాళ్ళ సంగతులు చెప్పుకునేవాళ్ళు.

ఈసారి సంచీలోంచి వేలంశాలవాళ్ళు పంపిన కాగితం ఒకటి బయటికొచ్చింది. జోనెల్ దాన్ని చదివింది. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివింది.

"ఏమే, అమ్మేశావా?"

"అమ్మేశాను."

"మీ తాత బాతునే?"

"నా దగ్గర ఇంకేం బాతులున్నాయే అమ్ముకోడానికి?"

జోనెల్ లేచి వెళ్ళి, కేకు ముక్క మామూలుకంటే పెద్దది కోసి తెచ్చి ఆర్లీన్ ముందు పెట్టింది.

ఆ బాతు సంగతి జోనెల్‌కి తెలుసు. ఆర్లీన్ తాత హార్వీ ఈ తీరంలో పేరున్న బాతుల చెక్కడంవాడు. ఆ రోజుల్లో వేటగాళ్ళకి చెక్కబాతులు పనిముట్లు. నీళ్ళ మీద వదిలితే, పైన ఎగిరే బాతులు తమవాళ్ళే అనుకుని కిందికి దిగేవి. హార్వీ చేసినవి చూస్తే మనుషులే మోసపోయేవాళ్ళు. ఐదేళ్ళ ఆర్లీన్ ఆయన పక్కన పీట వేసుకుని కూర్చునేది. ఒకరోజు ఆయన ఒక సూదితోక బాతుకి రంగు వేసి ఆరబెడితే, దాని మెడ మీద బొటనవేలు పెట్టి నొక్కేసింది. నానమ్మ కొట్టబోతే ఆయన ఆపాడు. "ఉండనీ. ఈ ఒక్కదానికీ సంతకం నా మనవరాలిది," అన్నాడు. దాని మీద మళ్ళీ రంగు వెయ్యలేదు. ఆర్లీన్‌కి పదకొండేళ్ళప్పుడు ఆయన పోయాడు. ఆ చలికాలమే నానమ్మ కొట్టంలో ఉన్న బాతులన్నిటినీ ఒక వ్యాపారికి రెండేసి డాలర్ల చొప్పున ఇచ్చేసింది. సూదితోక బాతు కూడా ఆ గోనెసంచుల్లోనే వెళ్ళిపోయింది.

తిరిగి ఎలా వచ్చిందంటే, వేడ్ స్టెర్లింగ్ తెచ్చాడు. డెబ్భై తొమ్మిది అక్టోబరులో, ఆర్లీన్ ఇరవై మూడో పుట్టినరోజున, పాత దినపత్రికలో చుట్టి తెచ్చి ఒళ్ళో పెట్టాడు. ఆ ఏడాది వాళ్ళిద్దరూ పెళ్ళి చేసుకుంటారని ఊరంతా అనుకుంటోంది. కాగితం విప్పి, మెడ తడిమి, బొటనవేలి గుర్తు చూసుకుని ఆర్లీన్ ఏడ్చింది. "ఎక్కడ దొరికింది? ఎంతయింది?" అని అడిగితే, ఎవరి కొట్టంలోనో పారేసుంటే ఆరు డాలర్లిచ్చి తెచ్చానన్నాడు.

నలభై ఐదేళ్ళు అది ఆవిడ వంటింటి అలమరలోనే ఉంది. కిందటి నవంబరులో పోటు నీళ్ళు మూడుసార్లు వంటింట్లోకి వచ్చాయి. ఇంటిని స్తంభాల మీదికి ఎత్తుకోవాలి, లేదంటే వదులుకోవాలి అని మేస్త్రీ చెప్పాడు. ఖర్చులో కొంత కౌంటీవాళ్ళు ఇస్తారు, మిగతాది ఆవిడే పెట్టుకోవాలి. ఆ మిగతాది ఇంట్లో ఒక్క వస్తువులోనే ఉంది; అలాంటి పాత చెక్కబాతుల్ని ఇప్పుడు వేల డాలర్లు పోసి కొంటున్నారు.

"నలభై ఒక్క వేలు పలికింది," అంది జోనెల్. "వేలంవాళ్ళ కమీషను పోను ముప్ఫై ఆరు వేల తొమ్మిదొందలు నీకొచ్చింది. ఇందులో నువ్వు కొన్న ధర తీసేస్తే మిగిలింది లాభం. లాభం మీద పన్ను. షేర్లకీ వాటికీ ఒక లెక్క, ఇలాంటి సేకరించుకునే వస్తువులకి వేరే లెక్క. ఇరవై ఎనిమిది శాతం దాకా లాగుతారు. నీది చిన్న రాబడి కాబట్టి అంత పడదులే. అయినా గట్టిగానే పడుతుంది. ఎంతకి కొన్నావు?"

"నేనెక్కడ కొన్నానే, ఇచ్చాడు."

"బతికుండగా ఇచ్చాడా, చచ్చిపోయి ఇచ్చాడా?"

"అదేం ప్రశ్నే!"

"పన్నువాళ్ళ ప్రశ్న. చచ్చిపోతూ రాసిచ్చినదైతే, పోయిన రోజున దాని విలువెంతో అదే నీ ధర. బతికుండగా చేత్తో ఇస్తే, అతను కొన్న ధరే నీ ధర. అతనికి ఎంతయితే నీకూ అంతే."

"చేత్తోనే ఇచ్చాడు. ఆరు డాలర్లు."

"కాగితం ఉందా?"

"పాత దినపత్రిక ఉంది."

జోనెల్ పెన్సిలు కింద పెట్టింది. "మరి అతన్నే అడగాలి. బతికే ఉన్నాడుగా."

ఆర్లీన్ కేకు మీద గీతలు గీస్తూ కూర్చుంది. "ఆరు డాలర్లే వేసెయ్యి. నలభై ఐదేళ్ళయింది. ఆరు డాలర్ల కోసం ఫోన్ చేస్తారా ఎవరైనా?"

"నాకు తెలిసి ఎవరూ చెయ్యరు. కానీ నువ్వు ఈ గదిలోకి వచ్చి పన్నెండు నిమిషాలైంది. అతని పేరు ఇంకా ఎత్తలేదు." జోనెల్ బీరువాలోంచి ఒక ఫైలు తీసి తిరగేసింది. "వాళ్ళ చెల్లెలి పన్ను కూడా నేనే చూస్తాను. ఆవిడ కాగితాల్లో లూసియానా నంబరొకటి ఉంది. వృత్తిధర్మం ప్రకారం నేనది నీకు ఇవ్వకూడదు. ఇదిగో, ఫైలు ఇక్కడే తెరిచి పెట్టి కాఫీ కలపడానికి లోపలికి వెళ్తున్నా. నా కాఫీకి చాలాసేపు పడుతుంది."

ఆదివారం చర్చి అయ్యాక, కోటు కూడా విప్పకుండా, ఆర్లీన్ ఫోన్ దగ్గర నిలబడింది. ఏం మాట్లాడాలో ఒక చీటీ మీద రాసుకుంది. తేదీ, వస్తువు, ధర, కాగితం. నాలుగే మాటలు. వాటిని దాటి పోకూడదనుకుంది.

"హలో." అవతలి గొంతు బరువెక్కింది, బొంగురుపోయింది. కానీ మాట చివర సాగదీసే తీరు మాత్రం ఈ ఊరిదే.

"వేడ్ స్టెర్లింగ్ గారేనా?"

"నేనేమీ కొనను. చందాలు ఇవ్వను. ఎవరు?"

"ఆర్లీన్‌ని. ఆర్లీన్ బ్రాడ్‌షా."

అవతల ఎక్కడో టీవీ మోగుతోంది. ఎవరో దాని గొంతు తగ్గించారు.

"ఎవరు పోయారు?" అన్నాడు వేడ్.

"ఎవరూ పోలేదు. పన్ను గురించి చేశాను."

"దేని గురించి?"

"పన్ను. ఆదాయప్పన్ను." ఆర్లీన్ చీటీ చూసుకుంది. "డెబ్భై తొమ్మిది అక్టోబరులో నువ్వు నాకొక చెక్కబాతు ఇచ్చావు. అది ఎంతకి కొన్నావో ప్రభుత్వానికి చెప్పాలి."

"ఆరు డాలర్లని అప్పుడే చెప్పానుగా."

"చెప్పావు. కాగితం ఉందేమోనని."

"ఆరు డాలర్లకి కాగితమేంటి?" అతని గొంతు తగ్గింది. "అమ్మేశావా, ఆర్లీ?"

ఆ పేరుతో పిలిచేవాళ్ళు ఈ భూమ్మీద ఇంకెవరూ మిగల్లేదు. చీటీలో నాలుగు మాటలూ అయిపోయాయి.

"వంటింట్లోకి నీళ్ళొస్తున్నాయి, వేడ్."

"ఎంత దాకా?"

"స్టవ్వు తలుపు సగం మునిగింది."

"ఏ గాలికి?"

"నైరుతి. మూడు రోజులు ఆగకుండా కొట్టింది."

"అయితే అమ్మాల్సిందే," అన్నాడు. నీళ్ళ మీద బతికినవాడు ఆ సంగతి ఎలా చెప్తాడో అలాగే చెప్పాడు. "ఎంత పలికింది?" ఆవిడ చెప్పింది. అతను ఈల వేశాడు. "లాభం ఎంతంటున్నారు?"

"ఆరు పోగా మిగిలిందంతా."

"అది తప్పు. ఆరు కాదు."

"మరెంత?"

"పడవ."

ఆర్లీన్‌కి అర్థం కాలేదు. "ఏ పడవ?"

"నాకెన్ని పడవలుండేవి?"

ఒక్కటే ఉండేది. ముప్ఫై నాలుగు అడుగుల పని పడవ. చలికాలం ఆల్చిప్పలకీ, ఎండాకాలం పీతలకీ అదే. వాళ్ళ చిన్నాన్న దగ్గర వాయిదాల మీద కొని, ఆరేళ్ళు కష్టపడి తీర్చి, చివరి వాయిదా కట్టిన రోజున వెనక చెక్క మీద తెల్లరంగుతో 'మిస్ ఆర్లీన్' అని రాయించాడు. ఎనభై మార్చిలో ఒక ఉదయం రేవులో ఆ పడవ లేదు. అమ్మేశానన్నాడు. డబ్బేదంటే లేదన్నాడు. ఐస్ ఫ్యాక్టరీ వెనక పేకాట జోరుగా సాగుతున్న రోజులు. ఊరు ఊరంతా లెక్క కట్టేసింది. పడవ లేనివాడికి పిల్లనెలా ఇస్తానన్నాడు ఆర్లీన్ తండ్రి. ఆ ముందుగదిలో, వేడ్ ఎదురుగా, ఆర్లీన్ కూడా తండ్రి పక్కనే నిలబడి మాట్లాడింది.

"సాలిస్‌బరీలో ఒక డాక్టరుండేవాడు," అన్నాడు వేడ్. "వేటకి తీసుకెళ్ళమని నన్ను కుదుర్చుకునేవాడు. డబ్బులు తీసుకోడానికి వాళ్ళింటికి వెళ్తే గోడ నిండా అరలు, అరల నిండా బాతులు. మూడో అరలో మీ తాతది. మెడ చూడగానే గుర్తుపట్టాను. నువ్వు ఎన్నిసార్లు చెప్పావు దాని గురించి! పడవ ఇంజను ఆపించి మరీ చెప్పేదానివి. అమ్మమన్నాను. డబ్బుకి ఇవ్వనన్నాడు. అతనికి డబ్బు ఏం తక్కువ? నా పడవ మీద కన్నుండేది అతనికి."

"పడవ ఇచ్చేశావా? చెక్క బొమ్మకి?"

"చూశావా? ఈ మాట అంటావనే ఆరు డాలర్లన్నాను. చలికాలం అయ్యేదాకా పడవ వాడుకుని మార్చిలో అప్పజెప్పేలా ఒప్పించాను. ఆ లోపల ఇంకోదానికి బయానా కూడబెడదామనుకున్నా. ఆ ఏడు ఆల్చిప్పలు పడలేదు. నీకు తెలుసుగా."

ఆర్లీన్ కుర్చీ లాక్కుని కూర్చుంది. కోటు పై గుండీ ఒకటి విప్పింది.

"ఆ రోజు ఎందుకు చెప్పలేదు? పేకాటలో పోగొట్టావనుకున్నాను నేను. మా నాన్న ముందు నిన్ను..."

"విన్నానులే. అక్కడే ఉన్నాగా."

"ఒక్క మాట అంటే సరిపోయేది."

"అంటే ఏం చేసేదానివి? ఆ సాయంత్రమే బాతుని చంకలో పెట్టుకుని సాలిస్‌బరీ వెళ్ళి పడవ తెచ్చుకునేదానివి. మీ తాత మళ్ళీ ఆ డాక్టరు మూడో అరలోకి పోయేవాడు. అదొక్కటే కాదులే. పడవ లేకపోయినా చేసుకుంటావేమో చూద్దామనుకున్నాను. ఇరవై ఏడేళ్ళవాడి పొగరు."

"మరి ఉత్తరాల్లో?"

"జవాబొస్తే రాద్దామనుకున్నా."

అతను ఊరు వదిలి వెళ్ళాక లూసియానా నుంచి మూడు ఉత్తరాలు వచ్చాయి. చమురు బావుల దగ్గర సరుకు పడవల మీద పని దొరికిందనీ, రెండేళ్ళలో మంచి పడవ కొనొచ్చనీ, ఇక్కడా నీళ్ళే, ఇక్కడా పీతలే, నువ్వు రావొచ్చనీ. ఆర్లీన్ ప్రతిదీ చదివింది. ప్రతిదానికీ మనసులో జవాబు రాసుకుంది. కాగితం మీద పెట్టలేదు. ఆ తర్వాత ఇద్దరు ఆవిడని పెళ్ళికి అడిగారు. ఇద్దరూ మంచివాళ్ళే. వద్దనడానికి ఆవిడ దగ్గర చెప్పుకోదగ్గ కారణమేమీ లేకపోయింది. అయినా వద్దంది.

"మెడ మీద నీ వేలు ఉందా ఇంకా?" అని అడిగాడు వేడ్.

"ఉంది. వేలంవాళ్ళు దాన్ని 'చిన్న లోపం' అని రాశారు."

"వెధవలు," అన్నాడు.

ఇద్దరూ నవ్వారు. ఆర్లీన్‌కి అడగాలని చాలా ఉంది. నడుం నొప్పి ఇంకా ఉందా, ఇప్పుడు ఏ నీళ్ళ ఒడ్డున ఉంటున్నావు, ఎప్పుడైనా ఈ గాలి వాసన గుర్తొస్తుందా అని. ఇంతలో అవతల ఒక ఆడగొంతు కొంచెం దూరం నుంచి వినిపించింది. "వేడ్, అన్నం చల్లారిపోతోంది. ఎవరు ఫోన్‌లో?"

"ఇంటి దగ్గరివాళ్ళు," అన్నాడు వేడ్ ఆ ఆడమనిషితో.

"అందరూ బాగున్నారటా?"

"బాగున్నారట." మళ్ళీ ఫోన్‌లోకి వచ్చాడు. "కాగితం ఉంది, ఆర్లీ. పడవ డాక్టరు పేరు మీదికి మార్చిన కాగితం. ఎనిమిది వేల ఐదొందలని విలువ కట్టి, దేనికి బదులో కూడా రాసి సంతకం పెట్టాడాయన. డాక్టర్లు రాసింది ఎవరికీ చదవరాదు గానీ ఇది చదవొచ్చు. పంపిస్తాను. మీ అడ్రసు..."

"అదే."

"అదే అయ్యుంటుందనుకున్నాను. అవునూ, పడవకి బాతు తీసుకున్నందుకు ఇప్పుడు నాకూ పన్ను వేస్తారా?"

"జోనెల్‌ని అడిగి చెప్తాను."

"జోనెలా? వద్దు తల్లీ, అడక్కు. ఉత్త పుణ్యానికి వేయిస్తుంది."

ఫోన్ పెట్టేశాక ఆర్లీన్ చాలాసేపు అలాగే కోటుతో కూర్చుంది. తర్వాత లేచి, నీళ్ళు తాగి, ఏం చెయ్యాలో తోచక, శుభ్రంగా ఉన్న గిన్నెలనే మళ్ళీ తోమింది. ఖాళీ అలమర వైపు చూసి కోపం తెచ్చుకోవాలనుకుంది. అతని మీద రాలేదు. తండ్రి పోయి ఇరవై ఏళ్ళయింది, ఆయన మీదా రాలేదు. ఆ ముందుగదిలో నిలబడి మాట్లాడిన ఇరవై మూడేళ్ళ పిల్ల మీద వచ్చింది గానీ, ఆ పిల్లకి ఏం తెలుసని? అడిగే తీరులో ఎవరూ అడగలేదు, చెప్పే తీరులో ఎవరూ చెప్పలేదు. నలభై ఐదేళ్ళు రోజూ కాఫీ కలుపుకుంటూ చూసిన ఆ బాతు ఒక మనిషికి ఉన్నదంతా పెట్టి కొన్నది. ఆ సంగతి తెలిసేసరికి అది పెన్సిల్వేనియాలో ఎవరి గదిలోనో ఉంది.

కవరు ఎనిమిదో రోజున వచ్చింది. అందులో ఒకే కాగితం. పడవ పొడవు, ఇంజను నంబరు, పేరు, విలువ. కింద డాక్టరు చేతిరాత: 'ఇందుకు బదులుగా హార్వీ బ్రాడ్‌షా చెక్కిన సూదితోక బాతు ఒకటి ఇవ్వడమైనది.' ఆర్లీన్ కవరు బోర్లించి దులిపింది. లోపల వేలు పెట్టి వెతికింది. ఉత్తరం లేదు. కాగితం వెనక్కి తిప్పితే మూలన పెన్సిలుతో ఒక్క ముక్క ఉంది. 'ఇది సరిపోకపోతే ఫోన్ చెయ్యి.'

జోనెల్ ఆ కాగితాన్ని దీపం కింద పెట్టి ముందూ వెనకా చూసింది. వెనక ఉన్నది చదివింది, కానీ చదవనట్టే ఉంది.

"అతను పెట్టిన పడవ విలువే అతను కొన్న ధర. అదే నీది కూడా," అంది. "ఎనిమిది వేల ఐదొందలు లాభంలోంచి పోతుంది. కేంద్రానిదీ రాష్ట్రానిదీ కలిపితే పన్ను రెండు వేల పైచిలుకు తగ్గుతుందే నీకు. నీ స్తంభాల్లో రెండు ఇతని ఖాతాలోవి అనుకో." యంత్రం మీద అంకెలు కొడుతూ కొడుతూ ఆగింది. ఆర్లీన్ మొహం చూసింది. "ఏమే, సరిపోదని చెప్పనా?"

"ఏంటి?"

"ఈ కాగితం. మచ్చలున్నాయి, ఇంకో ప్రతి కావాలి, అతని సంతకంతో ఒక ఉత్తరం కూడా కావాలి అని చెప్తాను. పన్నువాళ్ళకి అడ్డమైన కాగితాలూ కావాలని లోకానికంతా తెలుసు. ఎవరూ అనుమానపడరు."

ఆర్లీన్ ఆ పెన్సిలు రాత మీద వేలు పెట్టి కాసేపు ఉంచింది. టీవీ గొంతు తగ్గించిన ఆ మనిషి గుర్తొచ్చింది. అందరూ బాగున్నారటా అని ఎవరో తెలియని ఊరివాళ్ళ కోసం అడిగిన మనిషి.

"సరిపోతుంది," అంది. "సరిపోయిందనే రాయి."

జోనెల్ రాసింది. నకలు తీసుకుని అసలు కాగితం తిరిగి ఇచ్చేసింది. ఆర్లీన్ దాన్ని మడత పెట్టలేదు. కేకు డబ్బా మూత మీద పరుచుకుని, రెండు చేతులతో పట్టుకుని ఇంటికి నడిచింది. గాలి వేస్తుంటే గడ్డంతో అదిమిపట్టింది.

మే నెలలో ఇల్లు ఎత్తారు. జాకీలు పెట్టి రోజుకి కొన్ని అంగుళాల చొప్పున లేపుతుంటే ఊళ్ళో ముసలివాళ్ళంతా కుర్చీలు తెచ్చుకుని చూశారు. పదకొండు మెట్లెక్కి మళ్ళీ వంటింట్లోకి వెళ్ళిన మొదటి ఉదయం ఆర్లీన్ గిన్నెలు తోమే తొట్టి దగ్గర నిలబడితే, రెల్లు దాటి కాలవ మొత్తం కనపడింది. ఆ ఇంట్లో పుట్టి, అరవై ఎనిమిదేళ్ళు అక్కడే బతికినా ఆ కిటికీలోంచి నీళ్ళు కనిపించడం అదే మొదలు. పీతల పడవలు ఒకదాని వెనక ఒకటి ఖాతంలోకి పోతున్నాయి. కొళాయి కట్టెయ్యడం మర్చిపోయి, ఆఖరి పడవ వెలుతురులో కలిసిపోయేదాకా ఆవిడ అక్కడే నిలబడింది.